ప్యాచింగ్ ఎవిడెన్స్‌కి స్క్రీన్‌షాట్లు మాని, టెర్మినల్ సెషన్‌నే ఫైల్లో దాచుకోవడం ఎలా?

రాత్రిడ్యూటీ

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో నెలకోసారి రాత్రిపూట సర్వర్ల ప్యాచింగ్ (అప్‌డేట్లు వేయడం) ఉంటుంది. రెడ్‌హ్యాట్ కొన్ని, ఉబుంటు కొన్ని. నా ల్యాప్‌టాప్ విండోస్, పుట్టీ అనే రిమోట్ లాగిన్ ప్రోగ్రాంతో జంప్ సర్వర్‌లోకి (మిగతా సర్వర్లకి దారిగా ఉండే మెషీన్) వెళ్లి, అక్కణ్నుంచి మిగతావాటికి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తాను. పని అయ్యాక చేంజ్ టికెట్‌కి ఎవిడెన్స్ జత చేయాలి: ముందు ఏ కెర్నల్ ఉంది, తర్వాత ఏది వచ్చింది, ఏ సర్వీసులు లేచాయి, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది, ఇవన్నీ.

ఇప్పటిదాకా అందరం స్క్రీన్‌షాట్లు తీసి వర్డ్ ఫైల్లో అతికిస్తున్నాం. బొమ్మల్లో ఏదీ వెతకలేం, ఎర్రర్ లైన్ కాపీ చేసుకోలేం. రెండు స్క్రీన్‌షాట్ల మధ్య ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. అవుట్‌పుట్‌ని తెర మీదా ఫైల్లోనూ వేసే టీ కమాండ్ తెలుసు గానీ, ప్రతి కమాండ్ చివరా అది తగిలిస్తూ కూర్చోలేను. పైగా అందులో నేను కొట్టిన కమాండ్ ఉండదు, దాని జవాబు మాత్రమే ఉంటుంది. నేను టైప్ చేసిందీ, వచ్చిన అవుట్‌పుటూ రెండూ వరసగా ఒకే ఫైల్లో పడాలి. మీరెలా చేస్తున్నారో చెప్పగలరు.

ఓరుగల్లు_షెల్

అన్నా, పుట్టీ వాడుతున్నరు కదా, ముందు అందులోనే ఉన్న లాగింగ్ చూడుండ్రి. ఎడమపక్క సెషన్ కిందనే లాగింగ్ అని ఉంటది. ప్రింటబుల్ అవుట్‌పుట్ అన్నది ఎంచుకోండ్రి, రంగుల కోడ్లు ఫైల్లోకి రావు. ఫైల్ పేరుల తేదీ, టైమ్, సర్వర్ పేరు దానంతట అదే పడేటట్టు పెట్టుకోవచ్చు, ఏ గుర్తు దేనికో ఆ పెట్టె కిందనే రాసి ఉంటది. ఒక్కసారి డీఫాల్ట్ సెట్టింగ్స్‌ల సేవ్ చేసి పెడితే, ఆ తర్వాత కొత్తగ తయారుచేసుకునే ప్రతి సెషన్‌కీ అదే వర్తిస్తది. ఇంతకుముందే సేవ్ చేసుకున్న సెషన్లకు మాత్రం విడివిడిగా పెట్టాలె.

ఫైల్ మీ ల్యాప్‌టాప్‌ల ఉంటది కాబట్టి సర్వర్ రీబూట్ అయినా దానికేం కాదు. కాకపోతే వీఐ, టాప్ లాంటి ఫుల్‌స్క్రీన్ ప్రోగ్రాంలు తెరిచినప్పుడు ఆ భాగం గజిబిజిగ పడతది.

కృష్ణాతీరం

రాత్రిడ్యూటీ గారూ, ఓరుగల్లు చెప్పింది మంచి మాటే. అయితే కంపెనీ డేటా ల్యాప్‌టాప్‌లో ఉండకూడదనే రూల్ చాలా చోట్ల ఉంటుంది కాబట్టి సర్వర్ వైపు మార్గం కూడా చెప్తాను. మీరు అడిగినదానికి సరిగ్గా సరిపోయేది స్క్రిప్ట్ అనే కమాండ్. 1979 చివర్లో వచ్చిన 3బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్ నాటి నుంచీ ఉంది. లైనక్స్‌లో ఇది యుటిల్-లైనక్స్ సోర్స్‌లో భాగం, ఉబుంటులో బీఎస్‌డీయుటిల్స్ ప్యాకేజీగా వస్తుంది. చాలా సర్వర్లలో ముందే ఉంటుంది.

స్క్రిప్ట్ -ఎఫ్ -ఏ వెబ్01-ప్యాచ్.లాగ్

ఇలా మొదలుపెట్టి పని చేసుకోండి, అయ్యాక ఎగ్జిట్ కొట్టండి. -ఏ ఉంటే పాత ఫైల్ చివర చేరుస్తుంది, లేకపోతే పాతది చెరిపేసి మొదటి నుంచి రాస్తుంది. -ఎఫ్ పెడితే వచ్చిందల్లా వెంటనే ఫైల్లో రాస్తుంది. కనెక్షన్ మధ్యలో తెగినా అప్పటిదాకా జరిగింది మిగలాలంటే ఇది కావాలి. పక్క సీట్లో ఉన్నవాళ్లు టెయిల్ -ఎఫ్ పెట్టి మీ పనిని చూడాలన్నా కావాలి.

లోపల జరిగేది ఇదీ. స్క్రిప్ట్ ఒక ఉత్తుత్తి టెర్మినల్ తెరిచి దాని మీద కొత్త షెల్ (మనం కొట్టే కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాం) నడుపుతుంది. ఆ షెల్ తెర మీద ఏం వెయ్యాలన్నా స్క్రిప్ట్ చేతుల మీదుగానే వెళ్లాలి. ఒక కాపీ మీ తెరకి పంపి, ఒక కాపీ ఫైల్లో వేస్తుంది. మీరు కొట్టిన అక్షరాలు షెల్ తిరిగి తెర మీద చూపిస్తుంది కాబట్టే అవీ ఫైల్లో పడతాయి. రూట్ హక్కులతో పని చేయించే సూడో కమాండ్ పాస్‌వర్డ్ అడిగినప్పుడు తెర మీద ఏమీ కనిపించదు, కనుక ఫైల్లోనూ ఉండదు.

ఇంకో సంగతి. ఏ మెషీన్ మీద రికార్డు మొదలుపెడతారన్నది మీ విషయంలో ఆప్షన్ల కంటే ముఖ్యం. ప్యాచింగ్ అంటే రీబూట్ ఉంటుంది. వెబ్01లో లాగిన్ అయ్యాక స్క్రిప్ట్ మొదలుపెడితే రీబూట్‌తో అదీ పోతుంది, తర్వాతది మళ్లీ విడిగా మొదలుపెట్టాలి. జంప్ సర్వర్ మీదే ముందు స్క్రిప్ట్ పెట్టి, దాని లోపలి నుంచి వెబ్01కి ఎస్‌ఎస్‌హెచ్ చేయండి. రీబూట్ కమాండ్, కనెక్షన్ తెగినట్టు వచ్చే మెసేజ్, మళ్లీ లాగిన్, కొత్త కెర్నల్ చూపించే యూనేమ్ -ఆర్, అన్నీ తెగకుండా ఒకే ఫైల్లో వస్తాయి. ఆడిటర్‌కి అంతకన్నా గట్టి ఎవిడెన్స్ ఉండదు.

రాత్రిడ్యూటీ

కృష్ణాతీరం గారూ, చాలా థాంక్స్. జంప్ సర్వర్ సంగతి నాకు తట్టలేదు, మా పనికి అదే కావాలి. టెస్ట్ సర్వర్ మీద నడిపి చూశాను. ఫైల్ వచ్చింది గానీ వీఐలో తెరిస్తే ఇలా ఉంది:

^[[?2004హెచ్[రూట్@టెస్ట్01 ~]# సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ హెచ్‌టీటీపీడీడీ^హెచ్^[[కే
^[[?2004ఎల్
యాక్టివ్: ^[[0;1;32ఎం యాక్టివ్ (రన్నింగ్)^[[0ఎం

ఇది టికెట్‌కి పెడితే మేనేజర్ వెనక్కి పంపుతారు. శుభ్రం చేసే దారి ఉందా?

విశాఖ_డీబీఏ

ఉంది. అయితే ఆ గుర్తులేంటో ఒకసారి చూస్తే ఏది ఎలా వదిలించుకోవాలో మీకే తెలుస్తుంది. ఫైల్లో ఉన్నది మీరు రాసిన వాక్యం కాదు, తెర మీద బొమ్మ గీయమని టెర్మినల్‌కి వెళ్లిన ఆదేశాలు. మీ మూడు లైన్లలో మూడు రకాలున్నాయి.

^[[0;1;32 తో మొదలయ్యేది రంగు. సిస్టమ్‌సీటీఎల్ "యాక్టివ్" అన్నమాటని ఆకుపచ్చగా చూపించడానికి పంపింది. తర్వాతి ^[[0 రంగు తీసెయ్యమని.

^[[?2004 తో మొదలయ్యేది బ్రాకెటెడ్ పేస్ట్. మీరు పేస్ట్ చేసినదాన్ని, చేత్తో టైప్ చేసినదాన్ని షెల్ వేరుగా గుర్తించడానికి ఉన్న ఏర్పాటు. బాష్ అనే షెల్‌లో 5.1 వెర్షన్ నుంచి డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటోంది, అందుకే కొత్త సర్వర్లలో ప్రతి ప్రాంప్ట్ ముందూ వెనకా కనిపిస్తుంది. పాత సెంటాస్ మీద రాసిన బ్లాగుల్లో దీని ఊసే ఉండదు.

ఇక ^హెచ్^[[కే అన్నది మీరు బ్యాక్‌స్పేస్ కొట్టిన చోటు. డీ ఒకటి ఎక్కువ పడింది, వెనక్కి జరిగి చెరిపారు. తెర మీద చెరిగింది, ఫైల్లో మాత్రం చెరిపిన చరిత్రంతా ఉంది. ట్యాబ్ కొట్టినా, పై బాణంతో పాత కమాండ్ తెచ్చినా ఇలాంటివే వస్తాయి.

చూడ్డానికి మాత్రమే అయితే ఫైల్‌ని పేజీలుగా చూపే లెస్ కమాండ్‌కి -ఆర్ (పెద్దక్షరం) పెట్టి తెరవండి, రంగులు రంగులుగానే కనిపిస్తాయి. శుభ్రం చేయాలంటే చాలామంది కల్ -బి అనే కమాండ్ ఒక్కటే చెప్తారు. అది బ్యాక్‌స్పేస్‌ల పని పడుతుంది, రంగు కోడ్ల తోకలు మాత్రం అలాగే మిగిలిపోతాయి. ముందు టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్‌తో ^[[ తో మొదలై ఒక అక్షరంతో ముగిసే ముక్కలన్నీ తీసేసి, ఆ తర్వాత కల్ -బి గుండా పంపాలి. అప్పుడు కూడా లైన్ చివర చెరిపిన అక్షరం (మీ ఉదాహరణలో ఆ రెండో డీ) తిరిగి కనిపించవచ్చు. ఎందుకంటే చెరపమన్న ఆదేశాన్ని సెడ్ తీసేసింది, దాని మీద వేరే అక్షరం పడలేదు. అందుకే అసలు ఫైల్ ఎప్పుడూ ఉంచుకుని, శుభ్రం చేసిన కాపీని మాత్రమే జత చేయండి.

నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి, చెత్త పడకముందే ఆపడం:

టర్మ్=డంబ్ స్క్రిప్ట్ -ఎఫ్ -ఏ వెబ్01-ప్యాచ్.లాగ్

టెర్మినల్‌కి ఏ విద్యలూ రావని చెప్పేశాం కాబట్టి బాష్ బ్రాకెటెడ్ పేస్ట్ మానేస్తుంది, చాలా ప్రోగ్రాంలు రంగులూ మానేస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ ఈ టర్మ్ విలువని అవతలి సర్వర్‌కి కూడా మోసుకెళ్తుంది కాబట్టి జంప్ సర్వర్ మీద ఒకసారి పెడితే చాలు. వీఐ మాత్రం ఇందులో సరిగ్గా నడవదు, ఫైళ్లు ఎడిట్ చేసే పనికి ఇంకో విండో పెట్టుకోండి. సిస్టమ్‌సీటీఎల్, జర్నల్‌సీటీఎల్ రెండిటికీ --నో-పేజర్ తగిలించండి. లేదంటే అవుట్‌పుట్ లెస్‌లోకి వెళ్లి ఆగుతుంది, మీరు క్యూ కొట్టేలోపు తెరకి సరిపడా లైన్లే రికార్డవుతాయి.

బీటెక్_ఐదోసెమ్

అక్కా, అన్నయ్యలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు ఓఎస్ ల్యాబ్ రికార్డులో ప్రతి ప్రోగ్రాంకీ అవుట్‌పుట్ అంటించాలి. కంపైల్ చేయడం దగ్గర్నుంచి రన్ చేసి ఇన్‌పుట్ ఇచ్చేదాకా మొత్తం చూపించమంటారు. దీనికి కూడా స్క్రిప్ట్ వాడొచ్చా? లేక రీడైరెక్ట్ చాలా?

కృష్ణాతీరం

తమ్ముడూ, నిస్సందేహంగా వాడొచ్చు. బీఎస్‌డీ మాన్ పేజీలో (కమాండ్‌తో పాటు వచ్చే సహాయ పేజీ) స్క్రిప్ట్ ఎందుకు పనికొస్తుందో చెప్పేచోట ఇచ్చిన ఉదాహరణే అది: అసైన్‌మెంట్ చేసినట్టు రుజువుగా సెషన్‌ని కాగితం మీద చూపించాల్సిన విద్యార్థులకి. ఫైల్‌ని తర్వాత ఎల్‌పీఆర్‌తో ప్రింట్ తీసుకోవచ్చని కూడా రాశారు. నీ అవసరమే వాళ్ల అవసరం.

రీడైరెక్ట్ ఎందుకు చాలదంటే, నువ్వు కీబోర్డ్ నుంచి ఇచ్చే సంఖ్యలు ప్రోగ్రాం అవుట్‌పుట్ కాదు. > పెడితే "రెండు సంఖ్యలు ఇవ్వండి" అన్న ప్రశ్న ఫైల్లోకి పోయి తెర మీద ఏమీ కనిపించదు, నువ్విచ్చిన 5, 7 ఫైల్లో ఉండవు. స్క్రిప్ట్‌లో ప్రశ్న, జవాబు, ఫలితం మూడూ వరసగా ఉంటాయి. ఒక్కో ప్రోగ్రాంకి ఒక్కో ఫైల్ పెట్టుకో, మొదటి లైన్లో మొదలైన తేదీ, టైమ్ అదే రాస్తుంది.

సీమ_సెక్యూరిటీ

అందరూ బాగా చెప్పినారు. భద్రత సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఈ ఫైళ్లు టికెట్లకి ఎక్కుతాయి, టికెట్లని చాలామంది చూస్తారు.

పాస్‌వర్డ్ ఫైల్లో పడదని కృష్ణాతీరం అన్న చెప్పింది మామూలు స్క్రిప్ట్‌కి నిజం. కొత్త వెర్షన్లలో --లాగ్-ఇన్ అని ఒక ఆప్షన్ ఉంది, అది పెడితే కీబోర్డ్ నుంచి వచ్చే ప్రతి అక్షరమూ రాస్తాది, తెర మీద కనిపించని పాస్‌వర్డ్‌తో సహా. జాగ్రత్తగా వాడమని మాన్ పేజీలోనే హెచ్చరిక ఉంది. --లాగ్-ఐఓ కూడా అంతే. ఎవిడెన్స్ పనికి ఈ రెండూ అక్కర్లేదు, ముట్టుకోవద్దండి.

అవి పెట్టకపోయినా రహస్యాలు వేరే దారిలో పడతాయి. మైఎస్‌క్యూఎల్‌కి కమాండ్ లైన్లోనే పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్లున్నారు. ఎన్వ్ అని కొడితే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉన్న టోకెన్లన్నీ బయటికొస్తాయి. కాన్ఫిగ్ ఫైల్‌ని క్యాట్ చేస్తే (తెర మీద చూపిస్తే) అందులో డేటాబేస్ యూజర్, పాస్‌వర్డ్ రెండూ ఉంటాయి. ఫైల్‌ని ఎవరికైనా పంపేముందు పాస్‌వర్డ్, టోకెన్, సీక్రెట్ అన్న మాటల కోసం గ్రెప్ కొట్టడం అలవాటు చేసుకోండి. ఆ తర్వాత కళ్లతో కూడా ఒకసారి చదవండి, గ్రెప్‌కి అన్నీ దొరకవు. జంప్ సర్వర్ అందరిదీ కాబట్టి రికార్డు మొదలుపెట్టేముందు యూమాస్క్ 077 పెట్టండి, ఫైల్ మీకు తప్ప వేరేవాళ్లకి తెరుచుకోదు.

ఇంకొకటి. వేరేవాళ్లు ఇచ్చిన రికార్డింగ్‌ని నేరుగా క్యాట్ చేయొద్దండి. విశాఖ అక్క చెప్పినట్టు అందులో ఉన్నవి టెర్మినల్‌కి ఆదేశాలు, క్యాట్ చేస్తే మీ టెర్మినల్ వాటిని పాటిస్తాది. క్యాట్ -వీ గానీ, ఏ ఆప్షనూ లేని లెస్ గానీ వాడితే ఆ గుర్తులు గుర్తులుగానే కనిపిస్తాయి.

డల్లాస్_డెవాప్స్

టీ గురించి కూడా కాస్త మాట్లాడుకోవాలి. మనిషి కూర్చుని చేసే పనికి స్క్రిప్ట్ సరే. క్రాన్‌లోనో, సీఐలోనో, అంటే మనిషి లేకుండా దానంతట అదే నడిచే పనికి టీయే సరైనది. కానీ పెద్ద చిక్కు ఒకటుంది. ఇది చూడండి:

ఫాల్స్ | టీ అవుట్.టీఎక్స్‌టీ
ఎకో $?
0

ఫాల్స్ అనే కమాండ్‌కి ఫెయిలవడం తప్ప వేరే పని లేదు, అయినా 0 వచ్చింది, అంటే పని సక్రమంగా అయిందని అర్థం. పైప్‌లైన్‌కి వచ్చే ఎగ్జిట్ కోడ్ చివరి కమాండ్‌ది, అంటే టీది. టీ తన పని చక్కగా చేసింది. ఇప్పుడు ఫాల్స్ ఉన్నచోట ఆర్‌సింక్ బ్యాకప్ ఉందనుకోండి. బ్యాకప్ పడిపోయినా జాబ్ మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తూనే ఉంటుంది. లాగ్ రాయడానికి తగిలించిన ముక్క వల్లే ఫెయిల్యూర్ మరుగున పడిపోవడం చాలా ప్రమాదం. షెల్ స్క్రిప్ట్ పైన సెట్ -ఓ పైప్‌ఫెయిల్ పెట్టండి. లేదా బాష్‌లో పైప్‌స్టేటస్ అనే అరే మొదటి గడి చూడండి. జీషెల్ అనే ఇంకో షెల్‌లో అదే పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది, లెక్క 1 నుంచి మొదలవుతుంది.

రెండోది ఎర్రర్లు. పైప్‌లోకి మామూలు అవుట్‌పుట్ మాత్రమే పోతుంది. ఎర్రర్లు కూడా లాగ్‌లోకి రావాలంటే 2>&1 పైప్‌కి ముందు రావాలి. ఫైల్‌లోకి రీడైరెక్ట్ చేసేటప్పుడు మాత్రం వరస వేరు: ముందు > ఫైల్, తర్వాత 2>&1. తిరగేస్తే ఎర్రర్లు తెర మీదే ఉండిపోతాయి. షెల్ వీటిని ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా అమలు చేస్తుంది కాబట్టి, 2>&1 చదివే సమయానికి 1 ఎటు పోతోందో 2 కూడా అటే పోతుంది.

మూడోది ఆలస్యం. పైథాన్ ప్రోగ్రాంని టీలోకి పంపితే చాలాసేపు తెర ఖాళీగా ఉండి, ఒక్కసారిగా బొళ్లున కురుస్తుంది. తప్పు టీది కాదు. అవతల ఉన్నది టెర్మినల్ కాదని తెలిసి పైథానే అవుట్‌పుట్‌ని పోగేసి పంపుతోంది. పైథాన్‌కి -యూ, గ్రెప్‌కి --లైన్-బఫర్డ్ పెడితే సరి. సీలో రాసిన చాలా ప్రోగ్రాంలకి ముందు ఎస్‌టీడీబఫ్ -ఓఎల్ తగిలిస్తే లైన్ లైన్‌గా వస్తుంది, స్టాటిక్‌గా లింక్ చేసిన ప్రోగ్రాంల మీద మాత్రం అది పనిచేయదు.

విశాఖ_డీబీఏ

చాలా అవసరమైన మాట. మొత్తం షెల్ స్క్రిప్ట్‌కి లాగ్ కావాలంటే నేను పైన ఒక్క లైన్ పెడతాను:

ఎగ్జెక్ > >(టీ -ఏ జాబ్.లాగ్) 2>&1

ఆ తర్వాత ప్రతి కమాండ్ అవుట్‌పుటూ, ఎర్రరూ తెర మీదకీ ఫైల్లోకీ వెళ్తాయి. కమాండ్లు పైప్‌లో ఉండవు కాబట్టి ఎగ్జిట్ కోడ్లు వాటివి వాటికే ఉంటాయి. బాష్‌లో, జీషెల్‌లో పనిచేస్తుంది. మామూలు ఎస్‌హెచ్‌లో ఇది లేదు.

గుంటూరు_మ్యాక్

మ్యాక్‌బుక్‌లో స్క్రిప్ట్ -సీ అని కొడితే తప్పు ఆప్షన్ అంటోంది. లైనక్స్‌లో అదే లైన్ బాగా నడుస్తోంది. ఏమైనా ఇన్‌స్టాల్ చేయాలా?

డల్లాస్_డెవాప్స్

ఏం అక్కర్లేదండీ. మ్యాక్‌లో ఉన్నది బీఎస్‌డీ స్క్రిప్ట్. అందులో -సీ లేదు, ముందు ఫైల్ పేరు, దాని వెనకే కమాండ్ నేరుగా రాయాలి. లైనక్స్‌లో కమాండ్‌ని కోట్స్‌లో పెట్టి -సీకి ఇస్తాం, ఫైల్ పేరు చివర. ఒక్క కమాండే రికార్డు చేసి దాని ఎగ్జిట్ కోడ్ కూడా బయటికి రావాలంటే లైనక్స్‌లో -ఈ కలపండి. మ్యాక్‌లో కీబోర్డ్ రికార్డింగ్‌కి ఆప్షన్ -కే, సీమ అన్న హెచ్చరిక దానికీ వర్తిస్తుంది.

రాత్రిడ్యూటీ

మా మేనేజర్ ఇంకో ప్రశ్న వేశారు: ఏ కమాండ్ ఎన్ని గంటలకి నడిచిందో కనపడాలట. డౌన్‌టైమ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో తేలాలి కదా. స్క్రిప్ట్ ఫైల్లో మొదటా చివరా మాత్రమే టైమ్ ఉంది.

కృష్ణాతీరం

మీకు పనికొచ్చేది ప్రాంప్ట్‌లోనే టైమ్ పెట్టడం. ప్రాంప్ట్ ఎలా ఉండాలో చెప్పే పీఎస్1 వేరియబుల్‌లో తేదీ, టైమ్ వచ్చేలా చేస్తే ప్రతి కమాండ్ ముందూ అది కనిపిస్తుంది. ప్రాంప్ట్ గీసిన సమయం అది, అంటే ముందు కమాండ్ ముగిసిన సమయం. కాబట్టి కమాండ్ ఎప్పుడు మొదలైందో కచ్చితంగా కావాలన్నప్పుడు, రీబూట్‌లాంటి వాటి ముందు, డేట్ ఒకసారి కొట్టండి.

అసలు సెషన్ జరిగిన వేగంలోనే తిరిగి చూడాలంటే స్క్రిప్ట్‌కి టైమింగ్ ఫైల్ ఇచ్చి, తర్వాత స్క్రిప్ట్‌రీప్లేతో నడపవచ్చు. -డీ 5 పెడితే ఐదింతల వేగంతో, -ఎం 2 పెడితే మధ్యలో ఆగిన ఏ విరామాన్నీ రెండు సెకన్లకి మించనివ్వకుండా చూపిస్తుంది. యుటిల్-లైనక్స్ 2.35 నుంచి --లాగ్-టైమింగ్ అని రాయాలి. రెడ్‌హ్యాట్ 8లో ఉన్నది 2.32 కాబట్టి అక్కడ పాత --టైమింగ్ వాడాలి. రికార్డు చేసినప్పుడు ఉన్న సైజులోనే విండో పెట్టుకోకపోతే ఫుల్‌స్క్రీన్ ప్రోగ్రాంలు చెదిరిపోతాయి.

ఓరుగల్లు_షెల్

క్రాన్ జాబ్‌లల్ల టైమ్ కావాలంటే మోర్‌యుటిల్స్ ప్యాకేజీల టీఎస్ అని ఉంటది. పైప్‌ల పెడితే ప్రతి లైన్ ముందు టైమ్ వేస్తది.

మంచిది ఇంకొకటి. ప్యాచింగ్ అవుట్‌పుట్ రికార్డు చేయడం మర్చిపోయినా ఉబుంటుల ఏపీటీ తనే దాచిపెడ్తది: /వార్/లాగ్/ఏపీటీ/ లోపల టెర్మ్.లాగ్. డీపీకేజీ తెర మీద వేసిందంత అండ్ల ఉంటది. రెడ్‌హ్యాట్‌ల డీఎన్‌ఎఫ్ హిస్టరీ ఇన్ఫో లాస్ట్ అని కొడితే ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌కెళ్లి ఏ వెర్షన్‌కు పోయిందో, ఎవరు నడిపిండ్రో చెప్తది. ఇవి రెండూ టికెట్‌కు పెట్టదగ్గయే.

బీటెక్_ఐదోసెమ్

టీమక్స్‌లో (ఒకే టెర్మినల్‌ని చాలా పేన్లుగా, అంటే గడులుగా వాడుకునే ప్రోగ్రాం) పని చేస్తున్నప్పుడు, ముందు రికార్డు పెట్టకపోతే, అప్పటిదాకా వచ్చింది పోయినట్టేనా?

విశాఖ_డీబీఏ

పోలేదు తమ్ముడూ. టీమక్స్ ప్రతి పేన్‌కీ పాత లైన్లు గుర్తుంచుకుంటుంది.

టీమక్స్ క్యాప్చర్-పేన్ -పీ -జే -ఎస్ - > సెషన్.టీఎక్స్‌టీ

ఎస్ (పెద్దక్షరం) తర్వాత ఉన్న ఆ గీతకి అర్థం, చరిత్ర మొదటి నుంచీ అని. -జే కూడా పెద్దక్షరమే, తెర వెడల్పు చాలక విరిగిన పొడుగు లైన్లని కలుపుతుంది. ఇందులో ఇంకో సుఖం ఏంటంటే, ఇది గీయడం అయిపోయాక తెర మీద మిగిలినదాన్ని ఇస్తుంది, కాబట్టి బ్యాక్‌స్పేస్‌లూ రంగు కోడ్లూ ఉండవు. శుభ్రం చేసే పని లేదు. పరిమితి ఒకటే: హిస్టరీ-లిమిట్ డీఫాల్ట్‌గా 2000 లైన్లు. దాన్ని కాన్ఫిగ్‌లో పెంచుకో, పెంచాక తెరిచిన పేన్లకే అది వర్తిస్తుంది. ఇకముందు వచ్చేదంతా ఫైల్లోకి పోవాలంటే పైప్-పేన్ ఉంది, అది మళ్లీ కోడ్లతో సహా రాస్తుంది.

రాత్రిడ్యూటీ

ఆఖరి సందేహం. జంప్ సర్వర్‌లో అందరి బాష్‌ఆర్‌సీలో (బాష్ మొదలైనప్పుడు చదివే ఫైల్) స్క్రిప్ట్ పెట్టేస్తే, లాగిన్ అయిన ప్రతివాళ్లదీ దానంతట అదే రికార్డయిపోతుంది కదా. అలా చేయొచ్చా?

సీమ_సెక్యూరిటీ

చేయొద్దండి. స్క్రిప్ట్ కొత్త షెల్ తెరుస్తాది, ఆ షెల్ మళ్లీ బాష్‌ఆర్‌సీ చదివి ఇంకో స్క్రిప్ట్ తెరుస్తాది, అలా ఆగకుండా పోతాది. వేరియబుల్ పెట్టి ఆ లూప్ ఆపినా, ఎస్‌సీపీ, ఆర్‌సింక్ లాంటివి దెబ్బతింటాయి. అన్నిటికీ మించి, ఆ ఫైల్ ఎవరిదో వాళ్ల చేతుల్లోనే ఉంటాది, చెరిపేయొచ్చు. సొంత ఎవిడెన్స్‌కి స్క్రిప్ట్ చాలు. ఇంకొకరి మీద నిఘాకి అది పనికిరాదు.

దానికి వేరే సాధనాలున్నాయి. రెడ్‌హ్యాట్ 8, 9లో టీలాగ్ అని వస్తాది, లాగిన్లు చూసుకునే ఎస్‌ఎస్‌ఎస్‌డీ సర్వీసుతో కలిపి ఏ యూజర్‌ని, ఏ గ్రూప్‌ని రికార్డు చేయాలో ఒకచోట నుంచి నిర్ణయిస్తారు. రికార్డింగ్ జర్నల్‌లోకి (సిస్టమ్ లాగ్) పోతాది. డీఫాల్ట్‌గా కీబోర్డ్ ఇన్‌పుట్ రాయదు, అది అలాగే ఉంచండి. సూడోతో చేసే పనులు మాత్రమే చాలనుకుంటే సూడోయర్స్‌లో (సూడో సెట్టింగ్స్ ఫైల్) లాగ్_అవుట్‌పుట్ ఆన్ చేయండి. /వార్/లాగ్/సూడో-ఐఓ లోపల పడతాయి, సూడోరీప్లే -ఎల్ జాబితా చూపిస్తాది. రూట్ ఉన్నవాళ్లు ఆ ఫోల్డర్‌నీ చెరపగలరు కాబట్టి, సూడో 1.9 నుంచి వచ్చిన సూడో_లాగ్‌ఎస్‌ఆర్‌వీడీ అనే లాగ్ సర్వర్‌ని వేరే మెషీన్‌లో నడిపి అక్కడికి పంపండి. టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌తో అయితే పోర్ట్ 30344, ఫైర్‌వాల్ టీమ్‌కి ముందే టికెట్ పెట్టుకోండి. మొదలుపెట్టేముందు టీమ్ అందరికీ రాతపూర్వకంగా చెప్పండి, లాగిన్ బ్యానర్‌లో కూడా సెషన్ రికార్డవుతోందని రాయండి.